అరిగిన బ్రేకులు, చేతిలో బిల్లు: పల్నాడు కారు యజమానుల ప్రశ్నలకు జవాబులు

మాచర్ల నుంచి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే కారు, పిడుగురాళ్ల సున్నం బట్టీల దారిలో రోజూ తిరిగే కారు, నరసరావుపేట నుంచి కోటప్పకొండ మీదికి తరచూ వెళ్లే కారు, ఈ మూడింటికీ బ్రేకులు త్వరగా అరుగుతాయి. దిగుడులో అదే పనిగా పెడల్ తొక్కితే ప్యాడ్‌లు కాలి పట్టు తగ్గుతుంది. సన్నటి రాతిదుమ్ము ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య చేరి గీస్తుంది. అరగడం బ్రేకు స్వభావం. అరిగిన సంగతి తెలిసి కూడా నడిపేవాడి మీద చట్టానికి పట్టు ఉంది. డబ్బు తీసుకుని సరిగా బాగుచేయని షెడ్డు మీద మనకూ పట్టు ఉంది. ఈ రెండో సంగతి చాలామంది పట్టించుకోవడం లేదు.

బ్రేకులు అరిగాయని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

ముందు చెవికి తెలుస్తుంది. చాలా కార్ల ప్యాడ్‌లకు చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అడుగంటగానే అది డిస్క్‌కు తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికే దాన్ని అక్కడ పెట్టారు. వాన కురిసిన మర్నాడు పొద్దున రెండు మూడు బ్రేకులకు వచ్చి పోయే చప్పుడు డిస్క్ మీది తుప్పుది, దానికి భయపడక్కర్లేదు. పోకుండా ఉండే కీచుకు మాత్రం షెడ్డుకు వెళ్లాలి. కీచు పోయి గరగరమని గీకుడు మొదలైతే లైనింగ్ అయిపోయి ఇనుము ఇనుమును తింటోందన్నమాట. అక్కడి దాకా వస్తే ప్యాడ్‌లతో పోయే ఖర్చు డిస్క్ దాకా పాకుతుంది.

తర్వాత కంటికి. ముందు చక్రం అలాయ్‌దైతే సందుల్లోంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. మెరిసే డిస్క్‌ను కరిచి పట్టుకున్నట్టు క్యాలిపర్ కనిపిస్తుంది. దాని లోపల ఇనుప పలక, ఆ పలకకు అంటుకుని నల్లటి లైనింగ్ ఉంటాయి. కొత్త ప్యాడ్ లైనింగ్ 10 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. బయటి ప్యాడ్ బాగున్నా లోపలిది అరిగిపోయి ఉండొచ్చు, అందుకే చక్రం విప్పి చూస్తేనే పూర్తి సంగతి తేలుతుంది. చిన్న కార్ల వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి, వాటి షూలు విప్పితే తప్ప కనపడవు.

పెడల్ మెత్తగా కిందికి పోతుంటే పైపుల్లో గాలి చేరిందో, బ్రేక్ ఆయిల్ కారుతోందో. బండి ఒక పక్కకు లాగితే క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్క్ చూపించాలి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు లైటు వెలిగితే చాలామంది ఆయిల్ పోయించి ఊరుకుంటారు. అది పొరపాటు. ప్యాడ్‌లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ తానంతట తానే కిందికి దిగుతుంది. పైన పోసేస్తే లైటు ఆరుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది.

అరిగిన బ్రేకులతో నడిపితే శిక్ష ఉందా?

ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 190వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని నడిపినా, నడపనిచ్చినా నేరమే. లోపం సంగతి నాకు తెలియదని తప్పించుకోవడానికి చట్టం తావివ్వలేదు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపమైతే తెలిసినట్టే లెక్క. నెల రోజులుగా కీచుమంటున్న బ్రేకు ఆ లెక్కలోకే వస్తుంది. 2019 సవరణ ప్రకారం జరిమానా 1,500 రూపాయల దాకా. దానివల్ల ఎవరికైనా గాయమైనా, ఆస్తి నష్టమైనా మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. డ్రైవర్‌కు తాళం ఇచ్చి పంపిన యజమానికీ ఇది వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. 2024 జులై 1కి ముందు పాత ఐపీసీలో అది రెండేళ్లే.

‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అంటే కోర్టు నమ్ముతుందా?

నోటిమాటతో నమ్మదు. మిను బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది: యంత్రలోపం వల్లే ప్రమాదం జరిగిందని వాదించే యజమానే, తాను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడని, అయినా లోపం బయటపడలేదని రుజువు చేయాలి. ప్రమాదం తర్వాత మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని పరీక్షించి నివేదిక ఇస్తారు. అందులో ప్యాడ్‌లు అరిగి ఉన్నాయని వస్తే ఇక వాదించడానికి ఏమీ మిగలదు. అదే మీ దగ్గర ఆరు నెలల కిందటి సర్వీసు బిల్లు, అందులో బ్రేకుల పని రాసి ఉంటే అది మీ తరఫు సాక్ష్యం. బిల్లు అక్కర్లేదు, జీఎస్టీ మిగులుతుంది అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బాధితుడి వైపు నుంచి చూస్తే, తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు.

ప్యాడ్‌లు మార్చిన ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ఇవ్వదు. మామూలు పాలసీలో అరుగుదల, యంత్రం చెడిపోవడం మినహాయింపులు. బండిని మంచి కండిషన్‌లో ఉంచుకోవాలన్న షరతు కూడా అదే పాలసీలో ఉంటుంది, ఒకసారి తీసి చదవండి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే మార్పించాలా? బయట చేయిస్తే వారంటీ పోతుందా?

ఎక్కడ చేయించుకోవాలన్నది మీ ఇష్టం. గురజాల నుంచి ప్యాడ్‌ల కోసం గుంటూరు దాకా వెళ్లలేనివాళ్లు ఊళ్లోని మంచి మెకానిక్ దగ్గర చేయించుకోవడంలో తప్పేమీ లేదు. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదనీ, బయటి పని వల్లే నష్టం జరిగినంత మేరకే వారంటీ ఆపొచ్చనీ ఆ ఉత్తర్వులో చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి. అందుకని వారంటీ ఉన్న కారు బయట విప్పించే ముందు వారంటీ పుస్తకం చదవండి, ఒరిజినల్ పార్టు వేయించి దాని బిల్లు దాచండి. బండి కొని రెండేళ్లు దాటకపోతే నేనైతే కంపెనీ దగ్గరికే పంపుతాను.

షెడ్డులో ఏం అడగాలి?

ముందు అంచనా కాగితం అడగండి. ఏ పార్టు, ఎంత, కూలి ఎంత అన్నది విప్పకముందే రాయించుకోవాలి. ప్యాడ్‌లు ఒకే చక్రానికి మారిస్తే బండి పక్కకు లాగుతుంది, కుడి ఎడమ రెండింటికీ కలిపి మార్చాలి. డిస్క్ అంచున దాని కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. అంతకన్నా పలచబడ్డ డిస్క్‌కు టర్నింగ్ చేయించవద్దు, మార్పించండి. బ్రేక్ ఆయిల్ డాట్ 3నా, డాట్ 4నా అన్నది డబ్బా మూత మీదే ఉంటుంది. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చి, పైపుల్లో గాలి తీయించాలి.

కొత్త ప్యాడ్‌ల పెట్టె మీ కళ్ల ముందే విప్పమనండి. తయారీదారు పేరు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ పెట్టె మీద ఉండి తీరాలి. ఎమ్మార్పీకి మించి అడిగితే లీగల్ మెట్రాలజీ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే, 28 శాతం వేస్తే అడగండి.

‘అన్నా, పాత ప్యాడ్‌లు డిక్కీలో వేయి’ అని ముందే చెప్పండి. పాత పార్టు మీ సొత్తు, అడిగితే ఇవ్వాల్సిందే. మార్చకుండానే మార్చామని బిల్లు వేసేవాళ్లకు ఆ ఒక్క మాట చాలు. ఇక బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 నేరుగా అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. జీఎస్టీ లేని చిన్న షెడ్డయినా తెల్లకాగితం మీద పార్టు, కూలి, తేదీ, బండి నంబరు, కిలోమీటర్లు రాసి సంతకం పెట్టి ఇవ్వగలదు. అడగాల్సింది మనమే.

చెప్పని పని చేసి బిల్లు వేశారు, కట్టకపోతే బండి ఇవ్వమంటున్నారు. అలా చేయొచ్చా?

మీరు ఒప్పుకున్న పనికి కూలి బాకీ ఉంటే బండి ఆపుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తోంది. మీరు ఒప్పుకోని పనికి ఆ హక్కు చెల్లదు. తగాదా ముదిరితే బిల్లు మీదే ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని రాసి కట్టి, బండి తెచ్చుకుని ఆపైన ఫిర్యాదు చేయడం మేలు. బండి షెడ్డులో ఉన్నంతకాలం దాన్ని జాగ్రత్తగా చూసుకునే బాధ్యత వాళ్లదే, అది 151వ సెక్షన్.

తయారీలోనే లోపం ఉంటే?

కంపెనీ ఉచితంగా సరిచేయాలి. 2022 ఆగస్టు 3 నుంచి సెప్టెంబర్ 1 మధ్య తయారైన 9,925 వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లను వెనక బ్రేక్ అసెంబ్లీ పిన్ లోపం కోసం మారుతి సుజుకి వెనక్కి పిలిచింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇలాంటి కబురు అందకపోవచ్చు. ఛాసిస్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి.

ప్యాడ్‌లు మార్చిన నెలకే మళ్లీ అరుస్తోంది. షెడ్డువాళ్లు పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

ముందు రాతపూర్వకంగా చెప్పండి. వాట్సాప్ మెసేజ్ అయినా తేదీతో నిలుస్తుంది. ఆ ప్యాడ్‌లను పారేయకండి, వాటిని పరీక్షకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. షెడ్డు ఎక్కడున్నా, మీరు ఉండే చోటు కమిషన్‌లోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. హైదరాబాద్‌లో మార్పించిన బ్రేకు మీద మాచర్లవాసి హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. సొంతంగా నడుపుకుని బతికే ట్యాక్సీ యజమాని కూడా ఈ చట్టం కింద వినియోగదారుడే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.