ఫోన్ ఫొటో నుంచి బుల్లి రైల్వే స్టేషన్: కొలతలు ఇలా తీయండి

మా నర్సీపట్నం ఊళ్లోకి రైలు రాదు. నర్సీపట్నం రోడ్ స్టేషనేమో ఊరికి దూరంగా, మెయిన్ లైన్ మీద ఉంటుంది. అందుకే నా మోడల్‌కి బొబ్బిలి-సాలూరు బ్రాంచ్ లైన్‌ని ఎంచుకున్నా. ఇలాంటి చిన్న స్టేషన్ బిల్డింగ్స్‌ని మనమే కట్టుకోవాలి. పాత గోడ కూల్చేశాక కొలవలేం కాబట్టి ముందు ఫొటో తీసి పెట్టుకోండి.

ఫొటో: గోడకి మీటరు కర్ర ఆనించండి. అల్ట్రావైడ్ వద్దు, అంచులు సాగిపోతాయి. గ్రిడ్ ఆన్ చేసి, వెనక్కి వెళ్లి, 2ఎక్స్ జూమ్‌లో సరిగ్గా ఎదురుగా తీయండి. వరండా స్తంభాలు గోడ కంటే ముందుకు ఉంటాయి. వాటికి కర్ర ఆనించి వేరే ఫొటో తీయాలి.

లెక్క: కర్ర 400 పిక్సెల్స్ వచ్చిందనుకోండి. అంటే ఒక్కో పిక్సెల్ 2.5 మి.మీ. గోడ 2,800 పిక్సెల్స్ ఉంటే అసలు పొడవు 7,000 మి.మీ. హెచ్‌ఓ స్కేల్ 1:87 కాబట్టి 87తో భాగిస్తే సుమారు 80.5 మి.మీ.

కటింగ్: 2 మి.మీ. సన్‌బోర్డ్ రెండు పొరలు అంటిస్తే దాదాపు 350 మి.మీ. మందం గోడతో సమానం. కిటికీలు లోపలికి ఉన్నట్టు కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త: మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. లెక్క ప్రకారం మోడల్‌లో 19.3 మి.మీ. రావాలి, కానీ హెచ్‌ఓ ట్రాక్ 16.5 మి.మీ. మాత్రమే. పట్టాలు ఇరుగ్గా ఉన్నాయని బిల్డింగ్ సైజు తగ్గించకండి. పక్కన నిలబెట్టే బోగీలు, మనుషులు కూడా 1:87లోనే ఉంటాయి కదా!