చలికాలంలో డబ్బాల్లో నారు: మూత ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి

పైన ఉన్న వీడియో మా బాలాపూర్ చెల్కలో పొద్దున ఆరున్నరకు తీసింది. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది, చూశారు గదా. మధ్యమధ్యలో వచ్చే మోత శంషాబాద్‌లో దిగే విమానాలది, దాన్ని తీసేయడం నా వల్ల కాలేదు. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నా.

విషయం ఏందంటే, ఎండాకాలం కూరగాయల కోసం చలికాలంలోనే ఆరుబయట డబ్బాల్లో, ట్రేలల్లో నారు పెంచడం. పాలీహౌస్ లేదు, షెడ్ లేదు. మనలో చాలామంది పరిస్థితి ఇదే.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. నాలుగేళ్ల కింద, నారు అమ్మడం మొదలుపెట్టి అప్పటికి ఒక్క ఏడాది. ఒక విదేశీ వీడియో చూశాను. పాల క్యాన్ నడుముకు కోసి, అడుగున మట్టి నింపి, విత్తనం వేసి, పై సగాన్ని మళ్లీ మూతలా పెట్టి టేప్ వేసి, చలికాలమంతా బయట మంచులో వదిలేస్తారు. వసంతం వచ్చేసరికి లోపల పచ్చగా మొలకలు. ఖర్చు లేదు, కరెంటు లేదు, రోజూ చూసే పని లేదు. వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి, అయినా ఆ వీడియో చూడంగానే ఆగలేకపోయిన. హోటళ్ల దగ్గర ఐదు లీటర్ల నూనె క్యాన్లు కొనుక్కొచ్చి, శుభ్రంగా కడిగి, డిసెంబర్‌లో టమాటా, మిరప వేసి టేప్ చుట్టేసిన.

మిరప పదిహేను రోజులైనా లేవలేదు. టమాటా లేచింది. సంక్రాంతి ముందు మూడు రోజులు మబ్బు లేకుండా ఎండ కాసింది. ఆ మధ్యాహ్నం క్యాన్ మీద చేయి పెడితే పొయ్యి మీద గిన్నె లెక్క ఉంది. మొలకలు ఉడికిన పాలకూర లెక్క పడిపోయినయ్. మిగిలిన క్యాన్లలో తడి ఆరక నారుకుళ్లు తగిలి, కాడలు మొదట్లో దారంలాగా సన్నబడి ఒక్కొక్కటే వాలిపోయినయ్.

నా నష్టం సరే. మా పక్క చెల్క పెద్దమ్మ అర ఎకరం టమాటాకి నాకే నారు చెప్పింది. దున్ని, ఘనజీవామృతం వేసి, మడి చేసుకొని ఎదురుచూసింది. మళ్లీ నారు పోసి ఆమెకు ఇచ్చేసరికి ఫిబ్రవరి చివరికి వచ్చింది. పైసలు తీసుకోలేదు. కానీ ఆ తోట పూతకొచ్చింది ఏప్రిల్‌లో. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత సరిగా నిలవదు, మన దగ్గర ఏప్రిల్‌లో 40 దాకా పోతది. పూత రాలిపోయింది. "నారు మళ్ల ఇచ్చినవ్ బిడ్డా, ఆ నెల రోజులు ఎట్ల ఇస్తవ్?" అన్నది పెద్దమ్మ. కోపంగా కూడా అనలేదు. నారు అంటే మొక్క ఒక్కటే కాదు, తేదీ కూడా అమ్ముతున్నామని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత మా చిన్నాన్న బిడ్డతో ఫోన్లో మాట్లాడుతుంటే అసలు సంగతి అర్థమైంది. ఆమె అమెరికాలో న్యూజెర్సీలో ఉంటది, పెరట్లో గోంగూర, సొరకాయ పెంచుతది. అక్కడ మంచు పూర్తిగా ఆగేది ఏప్రిల్ చివరికో మే మొదట్లోనో. చలిదేశాల చెట్లు, పూలమొక్కల్లో చాలావాటి విత్తనాలకు ఒక అలవాటు ఉంటది. రాలగానే మొలవవు. కొన్ని వారాలు తడిగా, చల్లగా గడిస్తేనే నిద్ర లేస్తయ్. లేకుంటే మంచు ముందే మొలిచి చచ్చిపోతయ్ గదా. ఆపిల్ గింజ కూడా అంతే. ఆ పాల క్యాన్ పద్ధతి అట్లాంటి విత్తనాలకు, ఇంకా చలికి ఓర్చుకునే ఆకుకూరలకు పుట్టింది. అక్కడ జనవరి ఎండ బలహీనం, మూత ఉన్నా లోపల ఉడకదు.

మన మిరప, వంగ, బీర, సొరకు ఆ నిద్ర లేదు. చలి వాటికి మేలు చేయదు, ఆపుతది అంతే. పైగా మన చలికాలం రాత్రి ఒకటి, పగలు ఇంకొకటి. తెల్లవారుజామున 12 డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి 28, 29కి ఎక్కుతది. ఒకే డబ్బాను రాత్రి చలి నుంచి, పగలు ఉడుకు నుంచి కాపాడాలి. టేప్ వేసి మర్చిపోయే పద్ధతి ఇక్కడ నడవకపోవడానికి కారణం ఇదే. (చెల్లెకి కూడా చెప్పిన, గోంగూర, సొర గింజలు జనవరిలో క్యాన్లో వేయకు, చల్లటి తడి మట్టిలో కుళ్లిపోతయ్. పాలకూర, కొత్తిమీర, ఆవాలు వేసుకో అని. సొర గింజ మంచు ఆగడానికి మూడు నాలుగు వారాల ముందు ఇంట్లో కుండీలో పెడితే చాలు.)

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మట్టి 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే టమాటా దాదాపు 6 రోజుల్లో, మిరప 8 రోజుల్లో మొలుస్తయ్. అదే మట్టి 15 డిగ్రీలుంటే టమాటాకు రెండు వారాలు, మిరపకు మూడు వారాల పైనే పడుతది. విత్తనం మంచిది కాదని షాపోళ్లతో పంచాయితీ పెట్టుకునే ముందు మట్టి ఎంత చల్లగా ఉందో చూడండి. చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కొని ట్రేలో గుచ్చి పెట్టుకుంటే చాలు. గాలి సంగతి కాదు, మట్టి సంగతి చూడాలె.

ఇప్పుడు నేను చేసే పద్ధతి.

కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారెట్, బఠాణీకి ఈ బాధ ఏదీ లేదు. చలి వాటి కాలం. మూతలు లేకుండా వేసేయండి. ముల్లంగి, క్యారెట్ మాత్రం నారు పోయొద్దు, నాటితే వేరు వంకర పోతది, నేరుగా మడిలోనే వేయాలె. బెండ కూడా నేరుగానే, రాత్రి నానబెట్టి, సంక్రాంతి దాటినాక.

మట్టి మిశ్రమం గురించి వీడియోలో చూపించిన కాబట్టి పొడుగు చేయను. కొబ్బరి పొట్టును రెండుసార్లు నీళ్లతో కడిగి ఉప్పు తీసేయాలె, ఇది చాలామంది వదిలేస్తరు. దానికి జల్లెడ పట్టిన వర్మీ కంపోస్ట్ గానీ బాగా మాగిన ఘనజీవామృతం గానీ సగం కలపాలె. గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ, సగం మాగిన ఎరువు మాత్రం ట్రేలోకి రానీయొద్దు.

విత్తనశుద్ధి బీజామృతంతో. 20 లీటర్ల నీళ్లకు 5 కిలోల దేశీ ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి, ఒక రాత్రి ఉంచాలె. అది వంద కిలోల విత్తనానికి సరిపోయే లెక్క. మన కూరగాయ విత్తనాలకు ఒక గ్లాసు చాలు. ముంచి, నీడలో ఆరబెట్టి వేయండి. బఠాణీ, చిక్కుడు లాంటి పప్పుజాతి గింజల తోలు ఊడిపోతది, వాటిని ముంచిన వెంటనే తీయాలె.

బీర, సొర, కాకర గింజలకు మా నానమ్మ చేసిన పనే చేస్తున్నా. గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టి, ఆ మూటను గడ్డివాములోకి చేయి పోయినంత లోపల పెట్టేది. గడ్డి లోపల రాత్రంతా వెచ్చగా ఉంటది. మూడో రోజు నుంచి మూట విప్పి చూడాలె, తెల్లటి మొన కనిపించిన గింజ డబ్బాలోకి పోతది, మిగిలినవి మళ్లీ మూటలోకి. కాకర అందరికంటే బద్ధకస్తురాలు, వారం దాకా ఓపిక పట్టాలె. గడ్డివాము లేనోళ్లు వంటింట్లో పొయ్యి గట్టు పక్కన పెట్టుకోవచ్చు. తీగజాతికి వేరు కదిలితే ఇష్టం ఉండదు, అందుకని ఒక్కో గింజ ఒక్కో కాగితం గ్లాసులో. రెండు నిజమైన ఆకులు రాగానే, రెండు వారాలకే నాటేయాలె. గ్లాసులో ముదరనిస్తే తర్వాత ఎదగదు.

టమాటా, వంగ, మిరపకు 98 గుంటల ప్రోట్రే వాడుతున్నా. ఇంటి వరకైతే పెరుగు డబ్బాలు, కోసిన నూనె క్యాన్లు బాగానే పనికొస్తయ్, అడుగున బొక్కలు మర్చిపోకండి. పండ్ల దుకాణం దగ్గర దొరికే థర్మాకోల్ పెట్టెలు ఇంకా మంచివి, చలి అంత తొందరగా లోపలికి దిగదు.

విత్తనం వేసి, తడిపి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కవరు, దాని మీద గోనె పట్టా కప్పుతాం. మొలక రాకముందు వెలుతురు అక్కర్లేదు, వెచ్చదనం కావాలె. ఈ దొంతరను నీడలోనే పెట్టాలె, ఎండలో పెడితే నా నూనె క్యాన్ల కథే అవుతది. నాలుగో రోజు నుంచి పొద్దున, సాయంత్రం కవరు ఎత్తి చూడండి. మొలక వంగిన మోచేయి లెక్క కనిపించిందంటే ఆ గంటలోనే ట్రేలు విడదీయాలె. రేపు చూద్దాంలే అంటే తెల్లారేసరికి దారాల్లాగా సాగుతయ్, అవి ఇక గట్టిపడవు.

విడదీసిన ట్రేలు ఎక్కడ పెట్టాలి? ఇక్కడ మా బాలాపూర్ బండలు నాకు పనికొచ్చినయ్. ఇక్కడ చెల్కల నడుమ గుండ్రాళ్లు, బండలు ఉంటయ్, దున్నేటప్పుడు తిట్టుకుంటం. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుకు వాలి తిరుగుతడు, కాబట్టి బండకు దక్షిణం పక్క పగలంతా ఎండ తాగుతది, రాత్రి మెల్లగా వదులుతది. తెల్లవారుజామున బండ మీద చేయి పెట్టి, పక్కనే నేల మీద పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తది. నా ట్రేలు ఇప్పుడు అక్కడే, ఇటుకల మీద. కిందటేడు ఒక పొద్దున నేల మీద ఉన్న ట్రే మట్టి 13 చూపిస్తే, బండ దగ్గర కప్పిన ట్రే 17 చూపించింది. బండ లేనోళ్లు ఇంటి దక్షిణం గోడ వాడుకోండి. మిద్దె మీద అయితే నీళ్లు నింపిన నల్ల డబ్బాలు ట్రేల ఉత్తరం పక్కన నీడ పడకుండా వరుసగా పెట్టండి, అవి కూడా బండ పనే చేస్తయ్.

ఇక మూత. సాయంత్రం 5 గంటలకు వెదురు బద్దల మీద పాలిథిన్, ఇగం ఎక్కువున్న రాత్రి దాని మీద గోనె పట్టా. పొద్దున ట్రేల మీద ఎండ పడంగానే, అంటే ఎనిమిదిన్నర లోపల, మొత్తం తీసేయాలె. సగం కాదు, మొత్తం. పగలు తెల్లదోమ, తామరపురుగు రాకుండా సన్నటి దోమతెర చాలు. ఏదైనా పెండ్లికో ఊరికో పోయి ఆ రోజు మూత తీసే మనిషి లేకపోతే, ముందు రోజు సాయంత్రం మూత పెట్టకుండానే పోండి. ఒక రాత్రి చలికి మొలక రెండు రోజులు ఆలస్యం అయితది. ఒక మధ్యాహ్నం మూత కింద ఉంటే ఆ ట్రే లేదు.

నీళ్లు పొద్దున తొమ్మిది, పది మధ్య ఒక్కసారి. సాయంత్రం పోయొద్దు. రాత్రంతా తడి, చలి, మూత మూడూ కలిస్తే నారుకుళ్లుకు పిలిచి భోజనం పెట్టినట్టే. ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్లు జిల్లుమంటయ్, అప్పుడే బోరు నుంచి వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉంటయ్, అవి వాడండి. నారుకుళ్లుకు ట్రైకోడెర్మా వేపపిండిలో మాగబెట్టి మట్టిలో కలుపుతా, పుల్లమజ్జిగ చల్లే అన్నలు కూడా ఉన్నరు. నేనైతే ఏ ద్రావణం కంటే టైంకి మూత తీయడాన్నే ఎక్కువ నమ్ముతా.

ఇంకొక్క మాట. జనవరిలో టమాటా నారు ఆకు అడుగున ఊదారంగు తిరుగుతది. తెగులు అనుకొని ఫోటోలు పంపుతరు, ఏదో ఒకటి కొట్టేస్తరు. చల్లటి మట్టిలో వేరు భాస్వరం సరిగా తీసుకోలేదు, అందుకే ఆ రంగు. నాలుగు రోజులు వెచ్చగా ఉంటే కొత్త ఆకు పచ్చగానే వస్తది. జీవామృతం పదింతలు నీళ్లు కలిపి పొయ్యండి చాలు.

తేదీల సంగతి: వేసవి టమాటా, వంగ, మిరప డిసెంబర్ మూడో వారం దాటనీయకుండా నారు పోస్తా. మామూలుగా 25 రోజుల టమాటా నారు చలిలో 35 దాకా పడుతది, మిరప 45. తీగజాతి గింజల మూట భోగి రోజు గడ్డివాములోకి. నాటడానికి వారం ముందు నుంచి రాత్రి మూత పూర్తిగా మానేసి, నీళ్లు కొంచెం తగ్గించి నారును గట్టిపరచాలె. శివరాత్రికి చలి శివశివా అని పోయేటప్పటికి మొక్కలు మడిలో వేరు పట్టి ఉండాలె.

ఈసారి పెద్దమ్మ నారు డిసెంబర్ 18న పోసిన. ట్రే అంచు మీద ఆ తేదీ, నాటే తేదీ రెండూ పెయింట్‌తో రాసి పెట్టిన. ఆమెకు చదవరాదు, మనవణ్ణి తీసుకొచ్చి చదివించుకొని పోయింది. మళ్లీ వచ్చే సోమవారం చూసిపోతా అన్నది.