తినకపోయినా షుగర్ ఎందుకు పెరుగుతుంది?

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల నుండి వచ్చి మన వసతి గృహంలో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చదువుకొని వెళ్లిన అన్నలకు షుగర్ జబ్బు కొత్త మాట కాదు. పరగడుపున పరీక్ష చేయిస్తే ఎక్కువ చూపిస్తుంది. "రాత్రి దొంగచాటుగా ఏమన్నా తిన్నవా?" అని ఇంట్లో నిలదీస్తారు. ఒక జొన్నరొట్టెతో పడుకున్న మనిషికి ఆ మాట ఎంత బాధ కలిగిస్తుంది! తినని చక్కెర రక్తంలోకి ఎలా వచ్చిందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కాలేయం మన ఇంటి గుమ్మి వంటిది. తిన్న అన్నం నుండి వచ్చిన గ్లూకోజును గ్లైకోజెన్‌గా మార్చి సుమారు 100 గ్రాముల వరకు దాచుకుంటుంది. మెదడుకే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కనుక రాత్రంతా కాలేయం గుమ్మి తీసి పంచుతూనే ఉంటుంది. తెల్లవారకముందే పరగడుపున కూరగాయలు తెంపి మూటలు కట్టే మన అమ్మానాన్నలను నిలబెట్టేది ఈ ఏర్పాటే.

గుమ్మి ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో చెప్పేవి హార్మోన్లు. రక్తంలో చక్కెర తగ్గితే క్లోమం గ్లూకగాన్‌ను విడుదల చేస్తుంది. అది కాలేయ కణం లోపలికి పోదు. తాళంలో చెవి వలె కణత్వచం మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. అప్పుడు లోపల ఏటీపీ నుండి సైక్లిక్ ఏఎంపీ తయారై వార్తను అందిస్తుంది. గ్లైకోజెన్ విడిపోతుంది. ఆపైన లాక్టేట్, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ నుండి కొత్త గ్లూకోజు కూడా తయారవుతుంది.

ఈ సైక్లిక్ ఏఎంపీని కాలేయంపై పరిశోధనలో కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి మూలమైన ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడని మనం గుర్తుంచుకోవాలి.

ఇక ఇన్సులిన్ పని గుమ్మి మూయడం. తిన్న తరువాత అది తన గ్రాహకాన్ని చేరగానే గ్లైకోజెన్ నిల్వ మొదలవుతుంది. గ్లూకోజు తయారీకి కావలసిన జన్యువులను నడిపే ఫాక్సో-1 అనే ప్రోటీన్ కేంద్రకం నుండి బయటకు పోతుంది. తయారీ తగ్గుతుంది.

టైప్-2 మధుమేహంలో ఇన్సులిన్ గ్రాహకాన్ని చేరినా లోపలికి వార్త సరిగా అందదు. పైగా గ్లూకగాన్ చాలామందిలో అవసరానికి మించి ఉంటుంది. మూయవలసిన గుమ్మి తెరిచే ఉంటుంది. పొద్దున కనిపించే ఎక్కువ చక్కెరలో చాలా భాగం అదే.

అందుచేత రాత్రి పస్తుంటే షుగర్ దిగుతుందనుకోవడం పొరపాటు. ఇన్సులిన్ సూది, కొన్ని రకాల మాత్రలు వాడుతూ పస్తుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. "ఈ రోజు తినలేదు కదా" అని మాత్ర మానడమూ తగదు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయంలో గ్లూకోజు తయారీనే తగ్గిస్తుంది. ఏది మార్చాలన్నా డాక్టరును అడగాలి.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి పై చదువులు చదువుతున్నవాళ్లం. పుస్తకంలోని కాలేయ కణం పరీక్షలో మార్కులకే పరిమితం కాకూడదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు గుమ్మి సంగతి మన భాషలో అమ్మానాన్నలకు చెబుదాం. చేయని తప్పుకు ఎవరూ మాట పడకుండా చూద్దాం.