వెలి, వెలుపలి

మొన్నటి పరీక్షలో మా బాలుడొకడు “మనము తెలుగునాటికి వెలివారము” అని వ్రాసినాడు. ఉత్తరపత్రమును చూచి అతని తలిదండ్రులు నొచ్చుకొనిరి. బాలుని తలంపులో దోషము లేదు. వీథిలో అతడు నిత్యము వినునది తమిళము. అందు ‘వెళియూర్’ అనగా వేరొక ఊరు. ‘వెళినాడు’ అనగా విదేశము. ఆ మాటలలో నింద యేమియు లేదు.

తెలుగు ‘వెలి’యు తమిళ ‘వెళి’యు తోబుట్టువులే. ఈ సంచిక ‘వెలువడినది’ అనునపుడును ఆ మూలమే పలుకుచున్నది. (వెలిదామర, వెలిబూడిద అనుచోట ‘వెలి’ వేరు, అది తెలుపు.) కాని మన భాషలో ఈ మాటకు చేదు అంటినది. కట్టుబాటు పేరిట మనిషిని పొత్తునుండి త్రోసివేయుట ‘వెలివేయుట’. అంటరానివారని ఊరికి ఆవల నిలిపినవారి నివాసము ‘వెలివాడ’. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది; మాటలోని చేదు ఇంకను పోలేదు. పిల్లలయెదుట పరిహాసమునకైనను ఎవరినీ ‘వెలి’ అనవలదని తలిదండ్రులకు మా మనవి.

హద్దును తెలుపుటకు తగిన విశేషణము ‘వెలుపలి’. లోపల అనుదానినుండి లోపలి వచ్చినట్లు, వెలుపల అనుదానినుండి ఇది వచ్చినది. వెలుపలి గోడ, వెలుపలి గట్టు, వెలుపలి వాకిలి. వెలుపలి గోడ మన యింటిదే కాని పొరుగింటిది కాదు గదా! శ్రీరంగమునకు పోయినపుడు దీనిని పిల్లలకు కన్నులార చూపవచ్చును. అచట ప్రాకారములు ఏడు. వెలుపలి ప్రాకారములలో ఇండ్లు, అంగళ్లు, జనసమ్మర్దము; గర్భాలయము ఎంతో దూరము. అయినను అదియంతయు శ్రీరంగమే. 1987లో పూర్తియైన, 200 అడుగులకు మించిన రాజగోపురము నిలిచినది ఆ వెలుపలి హద్దుననే.

ఇచట ఒక చిక్కు కలదు. ‘వెలుపలివారు’ అని ఊరక అన్నచో పరాయివారనియే అర్థమగును. వెలుపలిది ఏది అను ప్రశ్నకు ప్రక్కనున్న నామవాచకమే జవాబు చెప్పవలెను. దానిని విడిచినచో విశేషణము దారి తప్పును. వ్యాకరణ పాఠమున విశేష్యమును గూర్చి మేము అంతగా పట్టుపట్టుట ఇందుకే.

ఆ బాలునికి మార్కులు తగ్గింపలేదు. “మనము తెలుగునాటి వెలుపలి తెలుగువారము” అని మాత్రము తిరిగి వ్రాయించి, పత్రమును ఇంటికి పంపితిమి.