ఇనియెస్టా: 116వ నిమిషం

2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో గోల్ కొట్టిందెవరు? జవాబు ఆండ్రెస్ ఇనియెస్టా. జులై 11న జొహానెస్‌బర్గ్‌లో నెదర్లాండ్స్‌పై అదనపు సమయంలో, 116వ నిమిషంలో పడిన ఆ ఒక్క గోలే స్పెయిన్‌కు తొలి ప్రపంచకప్ తెచ్చింది. గోల్ కొట్టగానే జెర్సీ విప్పేశాడు. లోపలి బనియన్‌పై చేత్తో రాసిన అక్షరాలు: ‘డానీ హార్కే ఎప్పుడూ మాతోనే’. 2009 ఆగస్టులో గుండెపోటుతో చనిపోయిన ఎస్పాన్యోల్ క్లబ్ కెప్టెన్, ఇనియెస్టా మిత్రుడు హార్కే. జెర్సీ విప్పినందుకు రిఫరీ ఎల్లో కార్డు చూపాడు. నిబంధన నిబంధనే!

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఆ ఫైనల్లో ‘మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’ ఇనియెస్టా. టోర్నీ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ మాత్రం ఉరుగ్వే ఆటగాడు డీగో ఫోర్లాన్‌ది, టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ జర్మనీకి చెందిన థామస్ ముల్లర్‌ది.

ఇనియెస్టా 1984 మే 11న ఆల్బసెటె ప్రావిన్సులోని చిన్న ఊళ్లో పుట్టాడు. పన్నెండేళ్లకే ఇల్లు వదిలి బార్సిలోనా క్లబ్ అకాడమీ లా మాసియాలో చేరాడు. 2002లో సీనియర్ జట్టులోకి వచ్చి 674 మ్యాచ్‌లు ఆడాడు. 9 లా లీగా, 4 ఛాంపియన్స్ లీగ్ (2006, 2009, 2011, 2015) టైటిళ్లు గెలిచాడు. స్పెయిన్ తరఫున 131 మ్యాచ్‌లు; 2008, 2012 యూరో కప్‌లు కూడా. 2012లో టోర్నీ ఉత్తమ ఆటగాడు అతనే.

ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ మాత్రం దక్కలేదు. 2010లో మెస్సీ తర్వాత రెండో స్థానం. అన్యాయమనే వారు ఇప్పటికీ ఉన్నారు, నేనూ వారిలో ఒకడిని.

2018లో జపాన్ క్లబ్ విస్సెల్ కోబెకు, 2023లో యూఏఈలోని ఎమిరేట్స్ క్లబ్‌కు మారాడు. 2024 అక్టోబరులో ఆటకు వీడ్కోలు పలికాడు.