పీక్ కనిపించగానే పేరు పెట్టకు

కోడుమూరు

మేనకోడలికి, మామ రాసేది.

శిలీంధ్రం నుంచి డీఎన్‌ఏ పాలిమరేజ్‌లను శుద్ధి చేసే పని నీకు అప్పగించారని రాశావు. మంచి పనే అమ్మీ, కాకపోతే మొండిది. ఆర్థర్ కోర్న్‌బర్గ్ 1956లో ఈ ఎంజైమును మొదట చూపించింది బ్యాక్టీరియాలో. శిలీంధ్రానికైతే కైటిన్ ఉన్న గట్టి గోడ. గాజుపూసలతో గట్టిగా కుదిపితే గానీ కణం పగలదు. పగిలిందా, లోపలి ప్రోటియేజులన్నీ బయటపడి నీ ఎంజైమునే కొరికేస్తాయి. అందుకే అంతా మంచు మీద, ప్రోటియేజ్ నిరోధకాలు వేసి, త్వరగా సాగాలి.

ఆ తర్వాత అమ్మోనియం సల్ఫేట్ మెట్టు, ఆపై డీఈఏఈ సెల్యులోజ్, ఫాస్ఫోసెల్యులోజ్, డీఎన్‌ఏ సెల్యులోజ్ కాలమ్‌లు. ప్రతి మెట్టు దగ్గరా ప్రోటీన్‌నూ చురుకునూ కొలిచి పట్టికలో రాయి. చాటలో జొన్నలు చెరిగితే పొట్టుతో పాటు నాలుగు గింజలూ జారిపోతాయి కదా, ఇక్కడా అంతే. మొత్తం చురుకు తగ్గినా, మిల్లీగ్రాము ప్రోటీన్‌కు వచ్చే చురుకు పెరగాలి. ముడిసారం అంకెను మాత్రం పూర్తిగా నమ్మకు. అందులో న్యూక్లియేజులు ఉంటాయి, నువ్వు కట్టిన డీఎన్‌ఏను అవే తినేస్తుంటాయి.

అసలు చిక్కు కాలమ్ దగ్గర. చురుకులో రెండు పీకులు వచ్చాయంటే రెండు ఎంజైములని రాసేయకు. ప్రోటియేజ్ కొరికిన ఒకే ఎంజైము ముక్కలు కూడా వేర్వేరు చోట్ల దిగుతాయి. ట్రిటియంతో గుర్తుపెట్టిన టీటీపీ డీఎన్‌ఏలో ఎంత చేరిందో చూడటం ఒక్కటే చాలదు. మెగ్నీషియం, ఉప్పు, పీహెచ్ మార్చి చూడు. అఫిడికోలిన్ వేసి చూడు. అది పాలిమరేజ్ ఆల్ఫా, డెల్టా, ఎప్సిలాన్‌లను ఆపుతుంది, మైటోకాండ్రియాలోని గామాను ఆపదు. గామాను డైడియాక్సీ టీటీపీ ఆపుతుంది. తమాషా ఏమిటంటే అఫిడికోలిన్ కూడా శిలీంధ్రం చేసిందే.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జన్యువు ఇస్తుంది. మన జొన్న కంకిని పట్టే కాటుక తెగులుకు దగ్గరి చుట్టం, మొక్కజొన్న కాటుక శిలీంధ్రం ఉస్టిలాగో మేడిస్. అందులో వేడికి ఓర్వని పాలిమరేజ్ ఉన్న మ్యూటెంట్‌ను రాబిన్ హాలిడే, ఆయన సహచరులు 1973లో ప్రకటించారు. అలాంటి మ్యూటెంట్ చేతిలో ఉంటే, ఏ పీకు ఏ జన్యువుదో తేల్చుకునే వీలుంటుంది.

మన దగ్గరా పాలిమరేజ్‌ల మీద పనిచేసినవాళ్లున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. సుబ్బారావు బృందం ఎలుక మెదడు నాడీకణాల్లో పాలిమరేజ్ బీటాను ఏళ్ల తరబడి పరిశీలించింది. వాళ్ల వ్యాసాలు తెప్పించుకుని చదువు. నీ మొదటి శుద్ధి పట్టిక నింపగానే, బాగోలేకపోయినా సరే, నాకు పంపు.