ఎడారి యెలుకలు – రైతు చేయవలసిన పని

ఎలుకను చంపుట సులభము. ఎలుకల బాధను తొలగించుట కష్టము. ఈ రెండింటికిని గల భేదమును విద్యార్థులకు దెలుపుటకై రాజస్థానమందలి థార్ ఎడారిని మేము దృష్టాంతముగా గైకొనుచున్నాము.

ఎడారి యనగా నిర్జీవమైన యిసుక మాత్రమే యని తలంపరాదు. నక్కలు, అడవిపిల్లులు, గ్రద్దలు, గుడ్లగూబలు, పాములు అచట నివసించుచున్నవి. వీనిలో ననేకములకు ఎలుకయే యాహారము. ఎడారి యెలుకలలో నొక జాతి పగటివేళనే తిరుగును. అది గుంపులుగా నుండి, పెక్కు ద్వారములుగల బొరియలను త్రవ్వి, గడ్డిని, గింజలను, వేళ్లను తినును. మఱియొక జాతి రాత్రియందు బయలువెడలును. ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గావున నది యెల్లప్పుడును దేనినో కొఱుకుచుండును.

విత్తిన సజ్జగింజలను ఎలుకలు పెల్లగించును. లేతచెట్ల బెరడును కొఱికివేయును. పశువుల గ్రాసమును హరించును. బొరియలచే వదులైన యిసుకను గాలి యెగురగొట్టును. వానలు కొఱతపడు సీమలో పోయిన విత్తనమును మరల జల్లుటకు రెండవ యదను దొరకుట యరుదు. కావున నొక కుటుంబము యొక్క సంవత్సరపు గ్రాసమే యిందు నశింపవచ్చును.

మనుష్యుని పనులును ఈ బాధను మార్చుచున్నవి. 1958లో ఆరంభింపబడి, ఇప్పుడు ఇందిరాగాంధీ పేర బరగు కాలువవలన నీరు ప్రవహించిన చోట్ల పంటలు పెరిగినవి. తడినేలల నాశ్రయించు పందికొక్కు జాతియు నచట ప్రవేశించినది. ఇంగ్లీషువారి ‘బాండికూట్’ అను పదము మన ‘పందికొక్కు’ నుండియే పుట్టినది.

జంతువులతో సహవాసము ఆ దేశస్థులకు క్రొత్త గాదు. 1485లో జాంభోజీ స్థాపించిన బిష్ణోయీ మతమునందు 29 నియమములు గలవు. ప్రాణులపై దయ, పచ్చనిచెట్టును నరకకుండుట వానిలోనివి. 1730లో జోధ్‌పూరు చెంత ఖేజడ్లీ గ్రామమున చెట్లను గాపాడుటకై 363 మంది ప్రాణము లర్పించిరని చెప్పుదురు. ఆ చెట్టు మన జమ్మియే. అయినను దయ యనగా ధాన్యమును తెఱచియుంచుట గాదు.

ముందుగా ధాన్యమును రేకుడబ్బాలలో నుంచి, గోడలందలి రంధ్రములను మూయవలెను. ఎలుకపిల్ల చిటికెనవ్రేలు పట్టు సందునను దూరగలదు. ఇంటిలో బోనులే మేలు. పొలములో గ్రామస్థు లందఱు నొక్కసారిగా బూనుకొనవలెను. లేనిచో ప్రక్కపొలము ఎలుకలు వచ్చి ఖాళీబొరియల నాక్రమించును.

విషము కడపటి యుపాయము. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో గలిసి విషవాయువును పుట్టించును. ఎలుక మిక్కిలి యనుమానము గలది. కొంచెము రుచిచూచి జబ్బుపడినచో మరల దానిని ముట్టదు. అందుచే రెండు మూడు దినములు వట్టి గింజల నలవాటుచేసి పిమ్మట విషము గలిపిన గింజలు వేయుదురు. వానిని బొరియలోపల బెట్టి మూయవలెను. పైన జల్లినచో నెమళ్లు, పావురములు చచ్చును. బ్రోమడియోలోను వంటి మందు తిన్న యెలుక కొన్నిదినములకుగాని చావదు. ఈలోపల దానిని దిన్న గుడ్లగూబకును విషమెక్కును. గుడ్లగూబ చచ్చిన పొలములో మరుసటి సంవత్సర మెలుకలకు శత్రువెవ్వరు?

1898లో కరాచీ పట్టణమున పాల్ లూయీ సిమాండ్ అను వైద్యుడు చచ్చిన యెలుకను విడిచిన గోమార్లు ప్లేగును వ్యాపింపజేయునని నిరూపించెను. కావున చచ్చిన యెలుకను వట్టిచేత ముట్టక, పారతో నెత్తి లోతుగా బాతిపెట్టవలెను. బొరియలో చేయి పెట్టరాదు. అందు పింజరి యుండవచ్చును.

విద్యార్థులారా! సెలవులలో మీ యింటి ధాన్యపుగది నొకసారి పరీక్షింపుడు. ఎలుక యెచట దూరుచున్నది? ఏమి తినుచున్నది? దాని శత్రువులలో నేవి మీ గ్రామమున మిగిలియున్నవి? ఈ మూడింటికి నుత్తరములు వ్రాసి తల్లిదండ్రులకు జదివి వినిపింపుడు. విషము కొనుటకు మున్ను చేయదగిన పను లెన్నియో వారికిని దోచును.